క్యాన్సర్ చికిత్స అయ్యాక తగ్గని నీరసం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్న ప్రశ్నలన్నీ కీమో వార్డు బయట బెంచీల మీద, మందుల షాపు ముందు, చిత్తూరు నుంచి వేలూరు ఆసుపత్రికి పోయే పొద్దుటి బస్సులో మనవాళ్ళు ఒకరినొకరు అడుక్కునేవే. నేను డాక్టర్ని కాదు. మా అమ్మకి రొమ్ము క్యాన్సర్ వచ్చి ఆపరేషన్, కీమో, కరెంటు (రేడియేషన్) అన్నీ అయ్యాక, ఆ జబ్బు కంటే ఈ నీరసమే ఇంట్లో ఎక్కువ రోజులు తిష్ట వేసింది. డాక్టర్లని, డైటీషియన్‌ని, ఫిజియోథెరపిస్టుని విసిగించి తెలుసుకున్నవీ, తర్వాత చదివి తెలుసుకున్నవీ కలిపి రాస్తున్నా. మందుల విషయంలో మాత్రం మీ డాక్టరు మాటే వినండి.

రిపోర్టులన్నీ బాగున్నాయన్నారు. మరి నాలుగడుగులు వేస్తే ఎందుకు కూలబడిపోతున్నా?

ఇది మామూలు అలుపు కాదు కాబట్టి. పొద్దంతా కలుపు తీసి వచ్చిన మనిషి రాత్రి నిద్రపోతే తెల్లారేసరికి తేరుకుంటుంది. ఈ నీరసం నిద్రపోయి లేచినా పోదు, చేసిన పనికీ వచ్చిన అలుపుకీ పొంతనే ఉండదు. తల దువ్వుకుంటే చెయ్యి పడిపోతున్నట్టు ఉంటుంది, స్నానం చేసి వచ్చి మళ్ళీ పడుకోవాలనిపిస్తుంది. మా అమ్మ ఓ రోజు పొద్దున్నే వాకిట్లో ముగ్గుకని చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. మూడు వరసలు పెట్టి, నాలుగో వరస సగంలో ముగ్గు డబ్బా పక్కన పెట్టేసి గడప మీద కూర్చుండిపోయింది. నొప్పా అంటే కాదంది, ఆయాసమా అంటే అదీ కాదంది, "వంట్లో ఎవరో స్విచ్ తీసేసినట్టుందే" అంది. దీన్ని ఇంతకన్నా బాగా చెప్పినవాళ్ళని నేను ఇంకా చూడలేదు.

కారణం ఒక్కటి కాదు. జబ్బు వల్లా మందుల వల్లా ఒంట్లో లోలోపల ఉండే వాపు, రక్తం తగ్గడం, కండ కరగడం, నిద్ర చెడటం, హార్మోన్లు మారడం, మనసులో దిగులు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. క్యాన్సర్ వైద్యంలో రోగులు చెప్పే ఇబ్బందుల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. కాబట్టి మీ ఒక్కరికే ఇలా అవుతోందని అనుకోకండి.

కీమోలో వచ్చే నీరసం, కరెంటు పెట్టేటప్పుడు వచ్చే నీరసం ఒకటేనా?

వచ్చే తీరు వేరు. కీమో ఎక్కించిన మొదటి రోజో రెండు రోజులో కొంతమంది చాలా హుషారుగా ఉంటారు, రాత్రి నిద్ర కూడా పట్టదు. అది వాంతులు కాకుండా ఇచ్చే స్టెరాయిడ్ మహిమ. అది దిగిపోగానే మూడో రోజుకల్లా కుప్పకూలతారు, ఇంట్లోవాళ్ళేమో "నిన్నటిదాకా బాగానే ఉన్నావు కదా" అని బిత్తరపోతారు. తర్వాత మెల్లగా తేరుకుని, మళ్ళీ కీమో తేదీ వచ్చేసరికి కొంచెం మనిషవుతారు, అంతలో ఇంకో విడత కీమో. షుగరు ఉన్నవాళ్ళకి ఆ స్టెరాయిడ్ రోజుల్లో షుగరు కూడా పెరుగుతుంది, దాని నీరసం అదనం.

కరెంటు, అంటే రేడియేషన్, దీనికి పూర్తిగా తలకిందులు. మొదటి వారం ఏమీ తెలియదు. వారాలు గడిచేకొద్దీ పేరుకుంటూ వచ్చి చివరి వారాల్లో బాగా ఎక్కువవుతుంది, అయిపోయాక కూడా కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు ఉంటుంది. హార్మోన్ మాత్రలు వాడేవాళ్ళకి ఇంకో రకం: ఒళ్ళంతా ఆవిర్లు, కీళ్ళనొప్పులు, రాత్రి మెలకువలు, వాటి వెనకాలే నీరసం.

ఇంకెన్నాళ్ళు?

ఎక్కువమందికి చికిత్స ముగిసిన ఏడాది లోపల బాగా తగ్గుతుంది. కానీ నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి ఏళ్ళ తరబడి ఎంతో కొంత మిగిలే ఉంటుందని పరిశోధనలు చెప్తున్నాయి. ఈ మాట భయపెట్టడానికి కాదు. "ఆరు నెలలైంది, ఇంకా ఏంటి" అని మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా ఉండటానికి చెప్తున్నా.

నీరసంగా ఉందంటే జబ్బు తిరగబెట్టినట్టేనా?

నీరసం ఒక్కటే ఉంటే అలా అనుకోనక్కర్లేదు. అయితే బాగా తేరుకున్న మనిషికి ఉన్నట్టుండి మళ్ళీ సత్తువ పోయినా, దానితోపాటు బరువు తగ్గినా, కొత్తగా నొప్పి, దగ్గు, గడ్డ, జ్వరం కనిపించినా తర్వాతి చెకప్ తేదీ దాకా ఆగొద్దు. గూగుల్‌లో వెతుక్కుంటూ రాత్రంతా టెన్షన్ పడేకంటే పొద్దున్నే ఫోన్ చేసి అడగడం నయం.

డాక్టరు దగ్గర ఏమని చెప్పాలి? "నీరసంగా ఉంది సార్" అంటే "మామూలేనమ్మా" అంటున్నారు.

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అని నా అభిప్రాయం, అందుకే కొంచెం ఎక్కువ రాస్తా. మాకూ ఒకచోట అదే జవాబొచ్చింది, ఓపీలో ఒక్కో మనిషికి ఉండే టైము మీకూ తెలుసు. "నీరసం" అనే మాటకి డాక్టరు ఏ పరీక్షా రాయలేడు. అందుకని అంకె చెప్పండి. సున్నా అంటే అసలు అలుపు లేదు, పది అంటే మీరు ఊహించగలిగినంత ఎక్కువ అలుపు. ఈ వారంలో ఎంత ఉంది? మూడు వరకు తక్కువ కింద లెక్క, నాలుగు నుంచి ఆరు మధ్యస్థం, ఏడు, ఆ పైన తీవ్రం. నాలుగు, ఆ పైన ఉంటే కారణం వెతకాలని వైద్య మార్గదర్శకాలే చెప్తున్నాయి. అంకె వెనకాలే పని చెప్పండి: "ముందు నేనే ఆవుకి గడ్డి వేసి పాలు పితికేదాన్ని, ఇప్పుడు బిందె కూడా ఎత్తలేకపోతున్నా." ఇలా చెప్తే ఎవరైనా తల పైకెత్తి చూస్తారు.

తర్వాత అడగాల్సినవి. రక్తం ఎంతుంది? థైరాయిడ్ చూశారా? మెడ భాగంలో రేడియేషన్ అయినవాళ్ళకీ, ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) తీసుకున్నవాళ్ళకీ థైరాయిడ్ తగ్గడం బాగా కనిపించేదే, దానికి మాత్ర కూడా ఉంది. షుగరు, కిడ్నీ, లివరు, సోడియం, పొటాషియం, బీ12 సంగతేంటి? రొమ్ము క్యాన్సర్‌కీ లింఫోమాకీ (లింఫు గ్రంథుల క్యాన్సర్) ఇచ్చే డాక్సోరుబిసిన్, రొమ్ముకి ఇచ్చే ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు కొందరిలో గుండె మీద పనిచేస్తాయి కాబట్టి, ఆయాసం గానీ కాళ్ళవాపు గానీ ఉంటే ఎకో (గుండె స్కానింగ్) అవసరమా అని అడగండి. చివరిగా, మీరు మింగే మాత్రలన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్ళండి, బీపీవి, నిద్రవి, నొప్పివి, జలుబువి అన్నీ. మత్తు తెచ్చే మందులు రెండుమూడు కలిసి మనిషిని పడుకోబెట్టేస్తున్న సందర్భాలు తక్కువేం కాదు. ఒక మాత్ర మార్చినా, పూట మార్చినా తేడా కనిపించొచ్చు.

రక్తం తక్కువంటున్నారు. బీట్‌రూట్, దానిమ్మ, ఐరన్ టానిక్ వాడితే చాలదా?

బీట్‌రూట్ ఎర్రగా ఉంటుందే కానీ దాంట్లో ఐరన్ ఏమంత లేదు. తినండి, తప్పులేదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. అసలు సంగతేంటంటే కీమో వల్ల ఎముక మూలుగలో రక్తం తయారవడమే మందగిస్తుంది, జబ్బు వల్ల ఒంట్లో ఉన్న ఐరన్ కూడా వాడకంలోకి రాకుండా ఉండిపోతుంది. అలాంటప్పుడు ఐరన్ మాత్ర మింగితే మలబద్ధకం తప్ప ఏమీ రాదు. ఒంట్లో ఐరన్ నిల్వ చూపించే ఫెర్రిటిన్ లాంటి పరీక్ష చేసి నిజంగా ఐరన్ తక్కువుంటేనే ఇస్తారు. హిమోగ్లోబిన్ 7–8 కిందికి పోతేనో, ఆయాసం, గుండెదడ ఉంటేనో రక్తం ఎక్కించే సంగతి చూస్తారు. ఐరన్ రాసిస్తే టీ, కాఫీలతో కలిపి మింగొద్దు.

మా ఊళ్ళో ఒక సెలైను పెట్టించుకుంటే సత్తువ వస్తుందంటున్నారు?

రాదు. అరలీటరు గ్లూకోజు సీసాలో, అదే 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లో, ఉండే చక్కెర 25 గ్రాములు, అంటే దాదాపు 85 కేలరీలు. రెండు ఇడ్లీలు తింటే అంతకంటే మంచిది, వాటిలో ఎంతో కొంత ప్రొటీన్ కూడా ఉంటుంది. మామూలు సెలైనులో అయితే ఆ కేలరీలూ లేవు, ఉప్పునీళ్ళే. వాంతులు, విరేచనాలై ఒంట్లో నీళ్ళు పోయినప్పుడు అది మందు, నీరసానికి కాదు. కీమోలో ఉన్న మనిషికి శుభ్రత సరిగా లేనిచోట సూది గుచ్చితే ఇన్ఫెక్షన్. రొమ్ము ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసిన వైపు చేతికి సూది పెట్టించుకోవద్దని డాక్టర్లు చెప్పి ఉంటే, అది కూడా అక్కడ గట్టిగా చెప్పాల్సింది మీరే.

పూర్తిగా రెస్టు తీసుకుంటే తగ్గిపోతుంది కదా?

అందరం అనుకునేది అదే, నష్టం జరిగేదీ అక్కడే. పడుకునేకొద్దీ కండ కరుగుతుంది, కండ కరిగితే చిన్న పనికే అలుపొస్తుంది, అలుపొచ్చిందని ఇంకా పడుకుంటాం. ఈ నీరసానికి ఇప్పటిదాకా బాగా పనిచేస్తుందని తేలినవాటిలో ముందున్నది ఏ మాత్రా కాదు, ఒళ్ళు కదల్చడం. చికిత్స జరుగుతున్నప్పుడూ, అయ్యాకా కూడా. 2019లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఇచ్చిన సలహా ఏంటంటే, వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట, ఓ మోస్తరు వేగంతో నడక లాంటిది. దానితోపాటు వారానికి రెండుసార్లు కండకి బలమిచ్చే వ్యాయామం.

అరగంటా అని గుండె జారిపోకండి. ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. గుమ్మం నుంచి వీధి చివరిదాకా, మళ్ళీ వెనక్కి, అంతే. మూణ్ణాలుగు రోజులు అది తేలిగ్గా అనిపిస్తే ఇంకో రెండు నిమిషాలు కలపండి. వేగం ఎంతంటే, నడుస్తూ గోవింద నామాలు చెప్పుకోగలగాలి, రాగం తీసి పాడేంత ఊపిరి మిగలకూడదు. కండకి కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం ఓ పదిసార్లు, అదే పెద్ద వ్యాయామం. తర్వాత లీటరు నీళ్ళ సీసా చేతబట్టి పైకీ కిందికీ. మర్నాడు లేవలేనంతగా ఉంటే ముందురోజు ఎక్కువ చేసినట్టు, కొంచెం తగ్గించండి, మానెయ్యకండి.

ముందు డాక్టర్ని అడిగి మొదలుపెట్టాల్సినవాళ్ళు కొందరున్నారు: ఎముకలకి జబ్బు పాకినవాళ్ళు, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవాళ్ళు, గుండె ఇబ్బంది ఉన్నవాళ్ళు. జ్వరం ఉన్న రోజు ఎవరికీ వ్యాయామం వద్దు. కీమో వల్ల అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు చెప్పుల్లేకుండా నడవొద్దు, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకోండి. చంకలో ఆపరేషన్ అయినవాళ్ళు చేతి వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని మెల్లగా పెంచండి. యోగా కూడా మంచిదే, తలకిందులు ఆసనాలు మాత్రం పక్కన పెట్టి.

మన ఎండలకి బయట ఎవరు నడుస్తారండీ?

నిజమే, ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో తొమ్మిదికే రోడ్డు కాలిపోతుంది. పొద్దున ఏడు లోపల కానివ్వండి. యూనివర్సిటీ లోపల చెట్లకింద, లేదంటే ప్రకాశం పార్కులో. అదీ కుదరకపోతే ఇంట్లోనే హాల్లోంచి వంటింటికి, మేడ మీద సాయంత్రం పొద్దుగూకాక. తెల్ల రక్తకణాలు తగ్గిన వారంలో మాత్రం జనంలోకి వెళ్ళకండి.

ఇంటి పనంతా నామీదే. ఎలా చేసుకోను?

ఉన్న సత్తువని నెల జీతంలా చూడండి. ఒకటో తారీఖునే అంతా ఖర్చుపెడితే ఇరవయ్యో తారీఖు అప్పు చెయ్యాలి. మంచి రోజు వచ్చిందని ఆడవాళ్ళు చేసే పని ఏంటంటే, ఆరోజే దుప్పట్లన్నీ తడిపి, బూజు దులిపి, పచ్చడి కూడా పెట్టేసి, తర్వాత రెండ్రోజులు మంచం దిగరు. వారం పాటు ఒక పాత నోటు పుస్తకంలో ఏ పూట ఎలా ఉందో రాయండి. మీకు సత్తువ ఉండే గంటలేవో తెలిసిపోతాయి. మా అమ్మకి పొద్దున తొమ్మిది నుంచి పదకొండు. ముఖ్యమైన పని ఆ గంటల్లోకి పెట్టుకోవాలి. మిగతాది ఎవరికైనా అప్పజెప్పాలి, లేదా వదిలెయ్యాలి.

కూర కూర్చుని తరగండి. స్నానాల గదిలో ప్లాస్టిక్ స్టూలు వెయ్యండి, వేన్నీళ్ళు మరీ వేడిగా వద్దు. రోజూ వాడే గిన్నెలు నడుం ఎత్తులో పెట్టుకోండి, వంగడం, అందుకోవడం తప్పుతుంది. ఉతికిన బట్టలు బకెట్‌తో మేడెక్కించే పని మీది కాదు. సంగటి కెలకడం కూడా ఇంకొకరికి ఇవ్వండి, ఎంత బలం కావాలో కెలికినవాళ్ళకే తెలుసు. గంగజాతరకి ఇంటినిండా చుట్టాలొస్తే వచ్చినవాళ్ళనే వంటింట్లోకి పంపండి, ఎవరూ ఏమీ అనుకోరు, అనుకుంటే అనుకోనివ్వండి.

పథ్యం ఏముండాలి?

ఈ పథ్యం పేరుతోనే సగం మంది చిక్కిపోతున్నారు. గుడ్డు వద్దు, పెరుగు వద్దు, వంకాయ వద్దు, మాంసం వద్దు అని చివరికి చారన్నం మీద బతికిస్తే కండ ఎక్కణ్ణుంచి వస్తుంది? చికిత్సలో ఉన్న మనిషికి కిలో బరువుకి కనీసం ఒక గ్రాము, వీలైతే ఒకటిన్నర గ్రాము దాకా ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి రోజుకి 50 నుంచి 75 గ్రాములన్నమాట. గుడ్డులో ఆరు గ్రాములు. మాంసం తినేవాళ్ళకి కోడికూర, చేప బాగా ఉడికించి. తిననివాళ్ళకి గట్టి పప్పు, ఉలవలు, అలసందలు, పాలు, పెరుగు. మన రాగి సంగటి మంచిదే కానీ దాని పక్కన పలుచటి పులుసు కాకుండా పప్పో, ఊరిబిండో (వేరుశనగ పచ్చడి) ఉండాలి. చెనిక్కాయల్లో, అంటే వేరుశనగల్లో, నూటికి పాతిక గ్రాములు ప్రొటీన్ ఉంది, మన జిల్లాలో పండే పంట, దాన్ని వదిలి డబ్బా పొడులకి వేలు తగలేయడం ఎందుకో నాకర్థం కాదు. డాక్టరో డైటీషియనో రాసిస్తే వేరే సంగతి.

ఒకేసారి తినలేకపోతే రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. రోడ్డు పక్కన కోసి పెట్టిన పండ్లు, పచ్చి గుడ్డు, కాచని పాలు కీమోలో వద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ప్రొటీన్ లెక్క డాక్టర్ని అడిగి పెట్టుకోండి.

పగలంతా నిద్ర, రాత్రి జాగారం. ఏం చెయ్యాలి?

మధ్యాహ్నం మూడు లోపల ఒక ఇరవై, ముప్పై నిమిషాలు కునుకు తియ్యండి, అలారం పెట్టుకుని. అంతకు మించితే రాత్రి నిద్ర చెడుతుంది. రాత్రి ఎన్నింటికి పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేవండి, లేవగానే వెలుతురులోకి రండి. సాయంత్రం కాఫీ మానండి. నిద్రమాత్రలు పక్కింటివాళ్ళవి తెచ్చి మింగకండి.

మాటలు మర్చిపోతున్నా, చేతిలో తాళాలు పెట్టుకుని ఇల్లంతా వెతుకుతున్నా. ఇదీ దానివల్లేనా?

చాలామందికి ఉంటుంది, నీరసంతో కలిసే వస్తుంది. ఎక్కువగా మెల్లమెల్లగా తగ్గుతుంది. రాసి పెట్టుకోండి, ఒకసారి ఒకే పని చెయ్యండి. ఉన్నట్టుండి తికమక పడిపోతుంటే మాత్రం అది వేరే, కింద అత్యవసరాల దగ్గర చూడండి.

మా అత్తగారు సోమరితనం అంటోంది.

ఈ పేజీ ఆమెకి చదివి వినిపించండి. ఇంట్లోవాళ్ళకి రెండు మాటలు: మనిషి పైకి బాగానే కనిపిస్తుంది, జుట్టు కూడా వచ్చేసింది కాబట్టి మీకు అనుమానం రావడం సహజమే. కానీ ఇది నిజంగా ఒంట్లో ఉన్న ఇబ్బంది. దీనికి అటుచివర ఇంకో రకం ఇళ్ళున్నాయి, మంచినీళ్ళ గ్లాసు కూడా లేచి తెచ్చుకోనివ్వరు. ప్రేమే, కానీ దానివల్ల కండ పోతుంది, నేనెందుకూ పనికిరానన్న దిగులు వస్తుంది. "నువ్వు కూర్చో" అనేకంటే "ఏ పని నువ్వు చేస్తావు, ఏది నన్ను చెయ్యమంటావు" అని అడగండి.

ఇది నీరసమా, డిప్రెషనా?

రెండూ కలిసే ఉండొచ్చు. నీరసం ఒక్కటే ఉన్న మనిషికి చెయ్యాలని ఉంటుంది, ఒళ్ళు సహకరించదు. దిగులు ముదిరితే చెయ్యాలనే అనిపించదు. మనవణ్ణి చూసినా, ఇష్టమైన సీరియల్ పెట్టినా మనసు కదలదు, ఏడుపొస్తుంది, బతకడం ఎందుకనిపిస్తుంది. రెండు వారాలు ఇలా ఉంటే డాక్టరుకి చెప్పాలి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. రొమ్ము క్యాన్సర్ హార్మోన్ మాత్ర టామాక్సిఫెన్ వాడేవాళ్ళకి కొన్ని డిప్రెషన్ మందులు పడవు, మందు రాయించుకునేటప్పుడు ఆ మాట తప్పకుండా చెప్పండి.

తిప్పతీగ, అశ్వగంధ, బలం ఇంజెక్షన్లు?

తిప్పతీగ, అశ్వగంధ రెండింటితోనూ కొంతమందికి లివరు దెబ్బతిన్నట్టు వైద్య పత్రికల్లో నమోదై ఉంది. కీమో మందుల్లో చాలావాటిని శుద్ధి చేసేది ఆ లివరే. వాడుతున్నా, వాడాలనుకున్నా దాచకుండా చెప్పండి. బలం ఇంజెక్షన్ అంటే సాధారణంగా బీ విటమిన్లు, లోటు ఉంటే పనిచేస్తాయి, లేకపోతే లేదు.

ఆసుపత్రికి పోయొస్తేనే రెండ్రోజులు లేవలేకపోతున్నా.

ప్రయాణం కూడా పనే, దాన్నీ లెక్కలో వేసుకోవాలి. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజులు, కొన్ని వారాల పాటు. చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ డెబ్బై కిలోమీటర్లు పోను, డెబ్బై రాను చేసేకంటే కుదిరితే ఆసుపత్రి దగ్గర్లో గది చూసుకోవడం మేలు. చికిత్స వేలూరులో జరుగుతున్నా, మధ్యలో చేయించాల్సిన మామూలు రక్త పరీక్షలు మన ఊళ్ళో చేయించి పంపితే సరిపోతుందా అని అడగండి. తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది, 2022 నుంచి అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి కూడా నడుస్తోంది, ఫాలోఅప్ దగ్గర్లో కుదురుతుందేమో కనుక్కోండి. వెళ్ళే రోజుకి ముందురోజు, తర్వాతిరోజు ఏ పనీ పెట్టుకోవద్దు. క్యూలో నిలబడేది తోడొచ్చినవాళ్ళు, మీరు కాదు.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి?

కీమోలో ఉండగా జ్వరం 100.4 డిగ్రీలు తాకితే, అర్ధరాత్రైనా సరే. పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాం అనుకోవద్దు. కూర్చున్నా ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, ఉన్నట్టుండి తికమక మాటలు, ఎక్కడినుంచైనా ఆగని రక్తం, ఒక కాలే వాచి నొప్పి పెట్టడం, రోజంతా మంచం మీదనుంచి లేవలేకపోవడం. బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి.

తగ్గితే నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నా. ఎక్కొచ్చా?

మన వైపు ఇది అడగని మనిషి లేరు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, దూరం దాదాపు తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388, దూరం తక్కువే కానీ నిటారుగా ఉంటుంది. పెద్దవయసు వాళ్ళనీ, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్ళనీ కాలినడక వద్దని టీటీడీనే చెప్తూ ఉంటుంది. చికిత్స జరుగుతున్నప్పుడైతే నేను వద్దనే అంటాను, ఆ జనంలో ఇన్ఫెక్షన్ భయం వేరే. మొక్కుకి గడువేమీ లేదు కదా, ఆగితే స్వామి కోప్పడడు.

చికిత్స అయిపోయి, రక్తం సరిగ్గా ఉండి, గుండె బాగుందని డాక్టరు చెప్పి, కిందే రోజూ ముప్పావుగంట నడిచినా మర్నాడు మామూలుగా లేస్తున్నారంటే అప్పుడు ఆలోచించండి. అంతకుముందు నెల నుంచీ ఇంటి మేడమెట్లు ఎక్కిదిగడం మొదలుపెట్టండి. చలికాలంలో, పొద్దున్నే, తోడుతో, ఎక్కడ అలుపొస్తే అక్కడ కూర్చుంటూ. గాలిగోపురం దాకా వచ్చేసరికి కాళ్ళు వణుకుతుంటే ఆ రోజుకి అక్కడే చాలించండి. పైదాకా ఎక్కినవాళ్ళు కూడా దిగేటప్పుడు మాత్రం బస్సులోనే దిగండి. మోకాళ్ళ మీద భారం దిగడంలోనే ఎక్కువ, అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళకి మెట్టు ఎక్కడుందో తెలియక పడే ప్రమాదం కూడా అప్పుడే.